గడువు దాటిన ఐటీ రిటర్న్: డిసెంబర్ 31 లోపు వేయాలా, ఐటీఆర్-యూ దాకా ఆగాలా, అర్జీ పెట్టుకోవాలా?

2025 సెప్టెంబర్ 17 పొద్దున నాకు వచ్చిన ఫోన్లన్నిటిలో ఒకటే ప్రశ్న. “నిన్న రిటర్న్ వేయలేకపోయాను. ఫైన్ ఎంత పడుతుంది?” ఐదు వేలు అనగానే అవతలి గొంతు తేలికపడుతుంది. “అంతేనా! సరే, డిసెంబర్‌లో చూసుకుందాంలే.” నాకు టెన్షన్ మొదలయ్యేది అక్కడే. కొందరికి ఆ ఐదు వేలే మొత్తం ఖర్చు. కొందరికి దాని వెనకాల డెబ్భై, ఎనభై వేలు ఉంటాయి. మనం ఏ కోవలోకి వస్తామో చూసుకోకుండా ఫైన్ ఎంతని మాత్రమే అడిగితే లాభం లేదు.

నేను ఆడిటర్‌ని కాను. ఇంట్లోవాళ్లకి, చుట్టాలకి, తెలిసినవాళ్లకి చాలా ఏళ్లుగా రిటర్న్‌లు వేసిపెడుతున్నవాణ్ని. కాబట్టి పెద్ద వ్యాపారాల సంగతి, ఆడిట్ ఉన్నవాళ్ల సంగతి ఇందులో లేదు. జీతం, పెన్షన్, అద్దె, డిపాజిట్ల వడ్డీ, కాస్త షేర్లు ఉన్న మామూలు మనుషుల గొడవే ఇది. లెక్కలన్నీ 2024-25 ఆర్థిక సంవత్సరానివి, అంటే ఆ ఆదాయానికి లెక్క చెప్పుకునే అసెస్‌మెంట్ ఇయర్ 2025-26వి.

మామూలుగా గడువు జూలై 31. ఈసారి ఫారాల్లో మార్పులు ఎక్కువ ఉన్నాయని దాన్ని సెప్టెంబర్ 15కి జరిపారు. ఆఖరి రాత్రి ఇంకొక్క రోజు పొడిగించి 16 చేశారు. అదీ దాటిపోయినవాళ్లకి మిగిలే దారులు మూడు. 2025 డిసెంబర్ 31 లోపు బిలేటెడ్ రిటర్న్, అంటే ఆలస్యపు రిటర్న్, వేయడం మొదటిది. ఆ తేదీ కూడా దాటితే అప్‌డేటెడ్ రిటర్న్, అంటే ఐటీఆర్-యూ. దీనికి 2030 మార్చి 31 వరకు టైముంది. మూడోది, ఆలస్యాన్ని మన్నించమని శాఖకి అర్జీ పెట్టుకోవడం. ఏమీ వేయకుండా ఊరుకోవడం కూడా ఒక దారే అనుకునేవాళ్లు ఉన్నారు. వాళ్ల సంగతి తర్వాత చెబుతాను.

ఐదు వేల సంగతి ముందు

దీన్ని అందరూ ఫైన్ అంటారు కానీ చట్టం దీన్ని ఫీజు అంటుంది. ఈ తేడా మాటల్లోనే కాదు. ఒకప్పుడు అసెస్‌మెంట్ ఇయర్ ముగిసేలోపు కూడా వేయకపోతే ఆదాయపు పన్ను చట్టంలోని 271ఎఫ్ సెక్షన్ కింద ఐదు వేల పెనాల్టీ ఉండేది. అది వేయాలా వద్దా అన్నది అధికారి విచక్షణ. కారణం చెప్పుకుని బయటపడే వీలుండేది. 2018-19 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి 234ఎఫ్ వచ్చింది. దీన్ని అడిగేది మనిషి కాదు, పోర్టల్. జ్వరం వచ్చిందన్నా, పెళ్లి పనుల్లో ఉన్నానన్నా వినదు. రిటర్న్ లెక్కలోనే అది కలిసిపోతుంది.

మొత్తం ఆదాయం 5 లక్షలు దాటితే 5,000, దాటకపోతే 1,000. ఆదాయం మినహాయింపు పరిమితి లోపే ఉంటే, అంటే కొత్త పన్ను విధానంలో 2024-25కి 3 లక్షల లోపు ఉంటే, ఫీజు లేదు. చాలామంది దెబ్బతినేది ఒక చోట. ఈ ఫీజుకి కొలత మీ పన్ను కాదు, మీ ఆదాయం. ఏడాదికి ఏడున్నర లక్షల జీతం ఉన్న అమ్మాయికి 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా 6.75 లక్షలు మిగులుతాయి. 7 లక్షల లోపు కాబట్టి రిబేటు వచ్చి పన్ను సున్నా. “పన్నే లేనప్పుడు ఫైన్ ఎందుకుంటుంది” అనుకుని ఆ అమ్మాయి తీరిగ్గా నవంబర్‌లో వేస్తే ఐదు వేలు కట్టాల్సిందే.

ఇంకో మెలిక ఉంది. ఆదాయం పరిమితి లోపే ఉన్నా కొందరు రిటర్న్ తప్పనిసరిగా వేయాలి. విదేశీ ప్రయాణానికి ఏడాదిలో 2 లక్షలు మించి ఖర్చు పెట్టినవాళ్లు, కరెంటు బిల్లు లక్ష దాటినవాళ్లు అందులో ఉన్నారు. మనవణ్ని చూడ్డానికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలు టిక్కెట్లు తమ డబ్బుతోనే కొనుక్కుంటే ఈ లెక్కలోకి వచ్చేస్తారు. వాళ్లు ఆలస్యమైతే వెయ్యి రూపాయలు.

మీకు రిఫండ్ రావాల్సి ఉంటే

ఇందులో తర్జనభర్జన ఏమీ లేదు. డిసెంబర్ 31 లోపు వేసేయండి. కట్టాల్సిన పన్ను లేదు కాబట్టి ఆలస్యానికి పడే 234ఏ వడ్డీ లేదు. ఫీజు పడితే దాన్ని రిఫండ్‌లోంచే మినహాయించుకుంటారు. 18 వేలు రావాల్సినవాళ్లకి 13 వేలు వస్తాయి. రిఫండ్ మీద శాఖ నెలకి అర శాతం చొప్పున ఇచ్చే వడ్డీ కూడా ఏప్రిల్ నుంచి కాకుండా మీరు రిటర్న్ వేసిన రోజు నుంచే లెక్కకొస్తుంది. అది చిన్న నష్టం.

పెద్ద నష్టం డిసెంబర్ 31 తర్వాత. ఐటీఆర్-యూలో రిఫండ్ అడగడానికి వీల్లేదు. అది ప్రభుత్వానికి అదనంగా కట్టడానికి పెట్టిన దారి, తిరిగి తెచ్చుకోవడానికి కాదు. “ఇంకా నాలుగేళ్ల టైముందట కదా” అని విని కూర్చున్నవాళ్లలో ఎక్కువ మోసపోయేది రిఫండ్ రావాల్సినవాళ్లే.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకి ఇది మరీ ముఖ్యం. దుబాయ్‌లో ఉద్యోగం చేస్తూ ఎన్నారైలు ఇక్కడి ఆదాయం వేసుకునే ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో డిపాజిట్ పెట్టుకున్నాయన ఉన్నాడనుకోండి. ఏడాదికి 2 లక్షల వడ్డీ వస్తే బ్యాంకు సెస్‌తో కలిపి 31.2 శాతం, అంటే 62,400 కోసేస్తుంది. ఆయనకి భారత్‌లో వేరే ఆదాయం లేకపోతే ఆ డబ్బంతా ఆయనదే. ఆదాయం పరిమితి లోపే కాబట్టి లేట్ ఫీజు కూడా లేదు. డిసెంబర్ 31 లోపు వేస్తే మొత్తం వెనక్కి వస్తుంది. జనవరి 1న గుర్తొస్తే అర్జీ ఒక్కటే మిగులుతుంది. ఊళ్లో ప్లాటు అమ్ముకున్న ఎన్నారైలకి మొత్తం ఇంకా పెద్దది. ముందే తక్కువ కోత సర్టిఫికెట్ తీసుకోకపోతే, కొన్నవాళ్లు లాభం మీద కాకుండా అమ్మిన ధర మొత్తం మీద టీడీఎస్, అంటే ముందే కోసే పన్ను, పట్టుకుంటుంటారు.

అమెరికాలో ఉన్నవాళ్లు ఇంకో చోట పొరపడతారు. అక్కడ ఫారం 4868 వేస్తే రిటర్న్‌కి అక్టోబర్ 15 వరకు టైమిస్తారు. ఇక్కడ మనిషికి విడిగా అలాంటి పొడిగింపు లేదు. పొడిగిస్తే దేశం మొత్తానికి పొడిగిస్తారు, లేకపోతే లేదు.

మీరే పన్ను కట్టాల్సి ఉంటే

ఇక్కడ వడ్డీ కూడా తోడవుతుంది. 234ఏ కింద గడువు దాటిన రోజు నుంచి నెలకి 1 శాతం. నెలలో ఒక్క రోజు దాటినా పూర్తి నెల కిందే లెక్క. టీడీఎస్ పోగా కట్టాల్సింది 10 వేలు, అంతకు మించి ఉండి, ఏడాది మధ్యలోనే వాయిదాల్లో కట్టాల్సిన అడ్వాన్స్ టాక్స్ కట్టకపోతే 234బీ కింద ఏప్రిల్ 1 నుంచి మరో 1 శాతం నడుస్తూనే ఉంటుంది. గడువు పొడిగించినా ఈ 234బీ ఆగదు. “సెప్టెంబర్ దాకా టైమిచ్చారు కదా, వడ్డీ ఎందుకు పడింది” అని అడిగినవాళ్లందరికీ ఇదే జవాబు. వ్యాపార ఆదాయం లేని అరవై దాటిన పెద్దవాళ్లకి మాత్రం అడ్వాన్స్ టాక్స్ బాధ లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. విజయవాడలో ఒకాయన. జీతం మీద కంపెనీ టీడీఎస్ పట్టుకుంది. డిపాజిట్ల వడ్డీ, షేర్ల లాభం కలిపి ఇంకా 40 వేలు పన్ను కట్టాలి. అడ్వాన్స్ టాక్స్ కట్టలేదు. ఆదాయం 5 లక్షలు దాటింది.

ఆయన 2025 నవంబర్ 20న బిలేటెడ్ వేస్తే 234ఏ మూడు నెలలకి 1,200, 234బీ ఎనిమిది నెలలకి 3,200, వాయిదాలు ఎగ్గొట్టినందుకు 234సీ కింద 2,020, ఫీజు 5,000. అసలుతో కలిపి 51,420. ఇందులో ఆలస్యానికి నేరుగా పడ్డది ఫీజు, 1,200, ఆపైన రెండు నెలల 234బీ. మిగతాది గడువులోపు వేసినా కట్టేదే.

అదే మనిషి మర్చిపోయి 2026 నవంబర్‌లో ఐటీఆర్-యూ వేస్తే? 234ఏ 15 నెలలకి 6,000. 234బీ 20 నెలలకి 8,000. 234సీ అదే 2,020. అసలుతో కలిపితే 56,020. దీనిమీద 25 శాతం అదనపు పన్ను 14,005. ఫీజు 5,000. మొత్తం 75,025. ఏడాది ఆగినందుకు 23,605 ఎక్కువ.

ఆ 25 శాతం 2027 మార్చి 31 వరకే. తర్వాతి ఏడాది 50, ఆ పై ఏడాది 60, చివరి ఏడాది 70 శాతం. మొదట ఐటీఆర్-యూకి రెండేళ్లే ఉండేది. 2025 బడ్జెట్‌తో నాలుగేళ్లు చేశారు. వినడానికి ఉదారంగానే ఉంటుంది. మన విజయవాడ ఆయన సరిగ్గా చివరి నెలలో, 2030 మార్చిలో వేస్తే 40 వేల పన్నుకి 1,54,634 కట్టాలి. వడ్డీలే 48 వేలు, వాటిమీద కూడా 70 శాతం.

కాబట్టి పన్ను కట్టాల్సినవాళ్లకి నా సలహా ఒకటే. చేతిలో డబ్బు లేక రిటర్న్ ఆపుకుంటున్నట్టయితే, డిసెంబర్ 31 లోపు ఎక్కడైనా చేబదులు తెచ్చి అయినా కట్టి వేసేయండి. మామూలు వడ్డీకి తెచ్చిన అప్పు ఏదైనా 25 శాతం అదనపు పన్ను కంటే చవకే. వచ్చే ఏడాదికి ఒక చిట్కా కూడా. గడువు రోజున కాగితాలన్నీ చేతిలో లేకపోతే, లెక్క సుమారుగా వేసి చలానా ముందు కట్టేయండి. గడువులోపు కట్టిన సెల్ఫ్ అసెస్‌మెంట్ పన్ను మీద 234ఏ వడ్డీ వేయకూడదని ప్రణయ్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. 2015లో ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు (సీబీడీటీ) కూడా సర్క్యులర్‌తో ఒప్పుకుంది. ఇంకా మంచి దారి, తెలిసినంతవరకు లెక్క చూసి గడువులోపే వేసేసి, మిగతాది డిసెంబర్ 31 లోపు రివైజ్డ్ రిటర్న్‌లో సరిదిద్దుకోవడం. దానికి ఫీజు లేదు. అన్నీ పక్కాగా ఉంటేనే వేస్తానని గడువు దాటించుకునేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.

పాత విధానంలో ఉన్నవాళ్లకి అసలు దెబ్బ

80సీ పొదుపులు, ఇంటద్దె మినహాయింపు, హోమ్ లోన్ వడ్డీ చూపించుకునే జీతగాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. గడువులోపు వేస్తేనే పాత విధానం ఎంచుకునే హక్కు. ఒక్క రోజు దాటినా కొత్త విధానమే. ఆఫీసులో పాత విధానం అని రాసిచ్చాం, ఫారం 16లో కూడా అలాగే ఉంది అంటే కుదరదు.

ఒకతను హైదరాబాద్‌లో నెలకి 25 వేల అద్దె ఇంట్లో ఉంటున్నాడు, గుంటూరులో లోన్ మీద కట్టిన ఇంట్లో అమ్మానాన్న ఉంటున్నారు అనుకుందాం. జీతం 12 లక్షలు, అందులో బేసిక్ 6 లక్షలు. పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, అద్దె మినహాయింపు 2.4 లక్షలు, లోన్ వడ్డీ 2 లక్షలు, 80సీ లక్షన్నర, ఎన్‌పీఎస్ 50 వేలు, ఆరోగ్య బీమా 25 వేలు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 4.85 లక్షలు. రిబేటుతో పన్ను సున్నా. కంపెనీ కూడా ఒక్క రూపాయి కోయలేదు.

ఇతను సెప్టెంబర్ 16 దాటాడు. ఇక 75 వేలు తప్ప ఏదీ తగ్గదు. 11.25 లక్షల మీద సెస్‌తో 71,500 పన్ను. నవంబర్‌లో వేస్తే వడ్డీలు, ఫీజు కలిసి దాదాపు 88 వేలు. సున్నా కట్టాల్సిన మనిషి! ఇతని లెక్కలో ఐదు వేల ఫీజు ఎక్కడో మూలన ఉంది. ఆగితే పాత విధానం తిరిగి రాదు, పైగా 25 శాతం తోడవుతుంది. కాబట్టి నొప్పిగా ఉన్నా డిసెంబర్ 31 లోపు కట్టి వేయడమే తక్కువ నష్టం. వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు పాత విధానం కావాలని చెప్పే ఫారం 10-ఐఈఏ గడువులోపే వేసి ఉంటే మాత్రం వాళ్లకి ఈ బాధ లేదు.

షేర్లలో పోగొట్టుకున్నవాళ్లు

ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్) పోయిన డబ్బు, షేర్ల మీద వచ్చిన నష్టం ఎనిమిదేళ్లపాటు ముందుకు తీసుకెళ్లి లాభాల్లో తగ్గించుకోవచ్చు. కానీ గడువులోపు వేస్తేనే. ఆలస్యమైతే అదే ఏడాది లాభాలతో సర్దుకోవచ్చు తప్ప మిగిలింది పోయినట్టే. షేర్లలో స్వల్పకాలిక నష్టం 2 లక్షలు ఉందంటే ఇప్పటి 20 శాతం రేటు ప్రకారం రేపటి 40 వేల పన్ను ఆదా పోయింది. నష్టపోయినవాడికి పన్నేముంటుందని రిటర్న్ వేయనివాళ్లు మన కుర్రాళ్లలో చాలామంది. ఇంటి ఆస్తి మీద వచ్చే నష్టానికి మాత్రం ఆలస్యమైనా ఈ ఆంక్ష లేదు. ఐటీఆర్-యూలో నష్టం చూపించే రిటర్న్ వేయనివ్వరు.

అర్జీ ఎప్పుడు

119(2)(బీ) కింద ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు. రిఫండ్ పోయినవాళ్లు, నష్టాన్ని ముందుకు తీసుకెళ్లాల్సినవాళ్లు వాడుకునే దారి ఇదే. 2024 అక్టోబర్ 1 నాటి సీబీడీటీ సర్క్యులర్ 11 ప్రకారం అసెస్‌మెంట్ ఇయర్ ముగిసిన ఐదేళ్ల లోపు పెట్టుకోవాలి. అంటే ఈ ఏడాదిదైతే 2031 మార్చి వరకు. కోటి రూపాయల లోపు క్లెయిమ్‌లని ప్రిన్సిపల్ కమిషనర్ స్థాయిలోనే తేలుస్తారు. వీలైనంతవరకు ఆరు నెలల్లో తేల్చాలని కూడా ఆ సర్క్యులర్‌లో ఉంది. రిఫండ్ వచ్చినా దానిమీద వడ్డీ ఇవ్వరు.

నిజమైన ఇబ్బంది ఉందని చూపించాలి. ఆస్పత్రి కాగితాలు, ఇంట్లో మరణం, అలాంటివి ఉంటే అడగడంలో అర్థముంది. మర్చిపోయాను అనే ఒక్క మాట పట్టుకుని అర్జీ రాయమంటే నేను రాయను. పైగా ఆర్డరు వచ్చేదాకా ఎదురుచూపే. మొత్తం పెద్దదైతే ఆడిటర్ గారికి ఫీజిచ్చి ఆయన చేతే రాయించుకోవడం మేలు. ఆ దుబాయ్ ఆయనలా 62 వేల కోసం అర్జీ పెట్టడం సబబే. మూడు వేల రిఫండ్ కోసం మాత్రం నేనైతే వదిలేస్తాను.

ఏమీ వేయకపోతే

ఇప్పుడు ఊరుకున్నవాళ్ల సంగతి. బ్యాంకు వడ్డీ, షేర్ల అమ్మకం, రిజిస్ట్రేషన్, అన్నీ ఏఐఎస్‌లో, అంటే శాఖ దగ్గర మన పేరున ఉండే లావాదేవీల పట్టికలో, కనిపిస్తున్నాయి. నోటీసు వచ్చి లెక్క వాళ్లు తేల్చితే, తక్కువ చూపించిన ఆదాయం మీది పన్నుకి 50 శాతం, కావాలని దాచినట్టయితే 200 శాతం పెనాల్టీ. 276సీసీ కింద ప్రాసిక్యూషన్ కూడా ఉంది. కట్టాల్సిన నికర పన్ను 10 వేలు దాటనివాళ్లకి, అసెస్‌మెంట్ ఇయర్ ముగిసేలోపు వేసినవాళ్లకి అది వర్తించదు. కాబట్టి మామూలు జీతగాడు జైలు గురించి భయపడక్కర్లేదు.

అతను భయపడాల్సింది వేరే రోజు గురించి. కొడుక్కి ఎడ్యుకేషన్ లోన్ అనో, వీసా అనో బ్యాంకువాళ్లు తండ్రివి మూడేళ్ల ఐటీ రిటర్న్‌లు అడుగుతారు. అప్పుడు పరుగెత్తుకొచ్చి పాత మూడేళ్లూ ఒకేసారి వేసిపెట్టమంటారు. పాత సంవత్సరాలకి బిలేటెడ్ ఉండదు. ఉన్నది ఐటీఆర్-యూ, ఏడాది ఏడాదికీ పెరిగే శాతాలతో.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వస్తుంది కదా, ఇవన్నీ మారిపోతాయా అని కొందరి అనుమానం. అంతకుముందు సంవత్సరాల ఆదాయానికి 1961 చట్టమే వర్తిస్తుంది. పాత బాకీ కొత్త చట్టంతో మాఫీ కాదు.

వేసినా వేయనట్టయ్యే చోటు

ఒకసారి నేనే బోల్తాపడ్డాను. మా మేనమామ రిటర్న్ గడువుకి వారం ముందే అప్‌లోడ్ చేశాను. రిటర్న్ మనదేనని వెరిఫై చేసే ఓటీపీ ఆయన ఫోన్‌కి వస్తుంది, ఆయన పొలంలో ఉన్నారు, సాయంత్రం చూద్దాం అనుకున్నాను. ఆ సాయంత్రం నెలన్నర తర్వాత వచ్చింది. అప్‌లోడ్ చేసిన 30 రోజుల్లో వెరిఫై చేస్తే అప్‌లోడ్ చేసిన తేదీయే రిటర్న్ తేదీ. అది దాటితే వెరిఫై చేసిన రోజే వేసినట్టు. వారం ముందు వేసిన రిటర్న్‌కి లేట్ ఫీజు పడింది. మామయ్య ఏమీ అనలేదు, అత్తయ్య మాత్రం ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

బిలేటెడ్‌లో ఈ పొరపాటు ఇంకా ఖరీదు. డిసెంబర్ 31న అప్‌లోడ్ చేసి ఫిబ్రవరిలో వెరిఫై చేస్తే ఫిబ్రవరిలో వేసినట్టే, అప్పటికి బిలేటెడ్ తలుపు మూసేసి ఉంటుంది. విదేశాల్లో ఉన్నవాళ్లకి ఆధార్‌కి ముడిపడిన ఇండియా సిమ్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. వాళ్లు నెట్ బ్యాంకింగ్ లాగిన్ పనిచేస్తుందో లేదో డిసెంబర్ మొదటి వారంలోనే చూసుకోవాలి. ఐటీఆర్-వీ అనే రసీదు కాగితం మీద సంతకం చేసి బెంగళూరులోని శాఖ కేంద్రానికి (సీపీసీ) పోస్టులో పంపే దారి ఉంది కానీ, లెక్కకొచ్చేది అది అక్కడ అందిన తేదీ.